కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందంటే: మొదటి పరీక్ష నుంచి బిడ్డ ఒకటిన్నర నెల టీకా దాకా

రిపోర్టులో అంకె 140 దాటిందని చూసి కంగారుపడుతూ ఇది చదువుతున్నారా? ముందు కాసేపు కూర్చోండి, మంచినీళ్లు తాగండి. నా రెండో కాన్పులో 26వ వారంలో నాకు 168 వచ్చింది. ఆ రాత్రి భయంతో అన్నం ముట్టలేదు. ఒక్క చపాతీ, కాస్త మజ్జిగతో పడుకున్నాను. తెల్లారి లేస్తూనే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. ఆ తర్వాత మూడు నెలలూ షుగర్ అదుపులోనే ఉంది, అదీ మూడు పూటలా కడుపునిండా తింటూనే. ఏ పని ఏ వరసలో చేయాలో, ఎక్కడ పొరపాట్లు జరుగుతాయో చెబుతాను. మందు, మోతాదు మీ డాక్టరు చెప్పాల్సినవి. మిగతా పనంతా మన వంటింట్లోదే.

ముందు సంగతేమిటో అర్థం చేసుకోండి

రిపోర్టు చూసి మా అత్తయ్య అన్న మొదటి మాట, "ఇదెక్కడి చోద్యం, మన ఇంటా వంటా లేదే" అని. నిజానికి ఇంటా వంటా లేకపోయినా వస్తుంది. బిడ్డను పోషించే మాయ, డాక్టర్లు ప్లాసెంటా అంటారే, అది కొన్ని హార్మోన్లు విడుదల చేస్తుంది. అవి మన ఒంట్లో చక్కెరను అదుపుచేసే ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. రక్తంలో చక్కెర కాస్త ఎక్కువసేపు నిలిచి బిడ్డకు అందాలని ప్రకృతి చేసుకున్న ఏర్పాటు ఇది. చాలామంది ఒళ్లు ఆ మేరకు ఇన్సులిన్ ఎక్కువ తయారుచేసుకుని సర్దుకుంటుంది. కొందరిలో అది చాలదు. మాయ పెరిగేకొద్దీ ఈ ఒత్తిడి పెరుగుతుంది కనుకే ఆరో నెలలో ఎక్కువగా బయటపడుతుంది. అమ్మానాన్నలకు షుగర్ ఉన్నా, మీకు పీసీఓడీ ఉన్నా, బరువు ఎక్కువున్నా, ముందు కాన్పులో బిడ్డ బాగా బరువుతో పుట్టినా అవకాశం ఇంకా ఎక్కువ. మీరు తిన్న సున్నుండల వల్ల వచ్చిందని ఎవరైనా అంటే నమ్మకండి, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

బిడ్డకు ఏమవుతుంది? ఈ ఒక్కటీ పట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి. మీ రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది, మీ ఇన్సులిన్ మాత్రం దాటదు. అంత చక్కెరను అరాయించుకోవడానికి బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేయాలి. దాంతో పొట్ట దగ్గర, భుజాల దగ్గర కొవ్వు చేరి బిడ్డ లావెక్కుతుంది, కాన్పు కష్టమవుతుంది. ఉమ్మనీరు కూడా పెరగవచ్చు. పుట్టి బొడ్డు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఎక్కువే ఉంటుంది. అందుకే అలాంటి పసివాళ్లకు పుట్టిన కొద్ది గంటల్లో షుగర్ పడిపోవచ్చు. తల్లికి బీపీ పెరిగే ప్రమాదం కూడా ఉంది. షుగర్ అదుపులో ఉంటే ఇవన్నీ బాగా తగ్గుతాయి.

పరీక్ష: ఎప్పుడు, ఎలా

దాహం, నీరసం లాంటి గుర్తుల కోసం ఎదురుచూడొద్దు. ఎక్కువమందికి ఏ గుర్తూ ఉండదు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ప్రతి గర్భిణికీ రెండుసార్లు చేయాలి: మొదటిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడే ఒకటి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకొకటి. మొదటిది మామూలుగా వచ్చిందని రెండోది ఎగ్గొట్టకండి. నాకు మూడో నెలలో 104 వచ్చింది.

ఈ పద్ధతిలో పరగడుపున రావాల్సిన పనిలేదు. 75 గ్రాముల గ్లూకోజ్ పొడి సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. ఐదు పది నిమిషాల్లో తాగేయాలి. సరిగ్గా రెండు గంటలకు రక్తం తీస్తారు. 140 గానీ ఆపైన గానీ ఉంటే గర్భధారణ మధుమేహం అని లెక్క. ఆ రెండు గంటలూ ఏమీ తినకండి, బయట తిరగకండి. తాగిన అరగంటలోపు వాంతయితే పరీక్ష మళ్లీ మరో రోజు చేయించుకోవాలి. ఆ సంగతి సిస్టర్‌తో చెప్పకుండా ఊరుకోవద్దు. ఆ నీళ్లు వెగటుగా ఉంటాయి, నిజమే. గుటకలు గుటకలుగా, ఫ్యాన్ కింద కూర్చుని తాగితే కడుపులో నిలుస్తాయి.

కొన్ని ఆసుపత్రుల్లో పరగడుపున రమ్మని మూడుసార్లు రక్తం తీస్తారు. అక్కడ హద్దులు వేరు: పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153. ఏ ఒక్కటి తగిలినా ఉన్నట్టే. ఒక పద్ధతిలో వచ్చిన అంకెను ఇంకో పద్ధతి హద్దుతో పోల్చి వదిన మాటా తోటికోడలి మాటా విని కంగారుపడకండి.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. నెల తప్పిన కొత్తలోనే పరగడుపున 126 లేదా ఆపైన వచ్చినా, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.5 శాతం లేదా ఆపైన ఉన్నా అది గర్భం వల్ల వచ్చింది కాకపోవచ్చు, ముందునుంచే ఉన్న షుగర్ కావచ్చు. అప్పుడు కళ్లు, కిడ్నీలు చూపించుకోవాలి, ఐదో నెల స్కాన్ మరింత శ్రద్ధగా చేయించుకోవాలి. ఇక ఆరో నెల తర్వాత హెచ్‌బీఏ1సీ ఒక్కటే చూసి "బాగానే ఉంది" అనుకోవద్దు. రక్తం తక్కువున్నవాళ్లలో, కడుపుతో ఉన్నవాళ్లలో అది సరైన లెక్క చెప్పదు.

మీటరు, నోటుబుక్కు

గ్లూకోమీటరు కొనుక్కోండి. వీలుకాకపోతే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకునేలా ఊరి నర్సమ్మ ఏఎన్‌ఎమ్‌తో మాట్లాడుకోండి. చేరుకోవాల్సిన అంకెలు ఇవి: పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు. గంట, రెండు గంటలు అంటే తినడం మొదలుపెట్టినప్పటి నుంచి, అంటే మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి. మీ డాక్టరు గంటకు చూడమన్నారా, రెండు గంటలకా అన్నది అడిగి రోజూ అదే పాటించండి. లేకపోతే నిన్నటి అంకెకూ ఇవాళ్టి అంకెకూ పొంతన ఉండదు.

ఒకసారి మామిడిపండ్లు తరుగుతూ మధ్యలో లేచి, చేతులు పైటకు తుడుచుకుని వేలు గుచ్చుకున్నాను. 214! గుండె ఆగినంత పనైంది. మా ఆడపడుచు పక్కనే ఉండి, "వదినా, ఆ చేతులు కడుక్కుని మళ్లీ చూడు" అంది. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక చూస్తే 117. వేలికి అంటిన పండు రసం చాలు అంకె మారిపోవడానికి. కాబట్టి ప్రతిసారీ చేతులు కడగండి, తడి లేకుండా తుడవండి. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించండి, తేమ తగిలితే పాడైపోతాయి.

మొదటి రెండు వారాలు రోజూ నాలుగుసార్లు చూసుకుంటే మంచిది: పరగడుపున, మూడు పూటలా తిన్నాక. స్ట్రిప్పులు భారమనిపిస్తే ఒకరోజు పరగడుపు, టిఫిన్ తర్వాత. మర్నాడు మధ్యాహ్నం, రాత్రి. ఇలా వంతులు వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగండి. అంకె ఒక్కటే రాస్తే లాభం లేదు, పక్కన ఏం తిన్నారో, ఎంత తిన్నారో రాయండి. నా నోటుబుక్కులో మొదటి వారంలో ఇలా ఉంది:

నాలుగు ఇడ్లీ, కొబ్బరి చట్నీ: 151
రాగి జావ ఒక గ్లాసు, అరటిపండు: 163
రెండు పెసరట్లు, అల్లం చట్నీ: 112
రెండు ఇడ్లీ, కూరగాయ ముక్కలతో సాంబారు, ఉడకబెట్టిన గుడ్డు: 116

రాగి జావ చూసి నేనే నమ్మలేదు. ఆరోగ్యానికి మంచిదని అందరూ గ్లాసులకు గ్లాసులు తాగిస్తున్నారు. రాగులు మంచివే, కాదనను. కానీ మెత్తటి పిండిని నీళ్లలో ఉడికించి తాగితే నమలాల్సిన పని లేదు, అరగడానికి సమయం పట్టదు, చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి వచ్చేస్తుంది. పైగా అరటిపండు తోడైంది. మీ ఒంటికి వేరేలా ఉండొచ్చు. నా పట్టిక చూసి మీరు తినొద్దు, మీ పట్టిక మీరు రాసుకోండి.

కంచంలో ఏం మార్చాలి

మన భోజనంలో కంచం నిండా అన్నం, అంచున కూర. దాన్ని తిరగేయాలి. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు: తోటకూర వేపుడు, బెండకాయ, బీరకాయ, దొండకాయ, కాకరకాయ, గోంగూర ఏదైనా. పావు వంతు ముద్దపప్పో, గుడ్డో, చేపో, చికెనో, పెరుగో. మిగిలిన పావు వంతే అన్నం గానీ జొన్న రొట్టె గానీ. అన్నం కొలవడానికి ఒక కప్పు పెట్టుకోండి, కళ్లతో కొలిస్తే రోజురోజుకీ పెరుగుతుంది. ముందు కూర, పప్పు నాలుగు ముద్దలు తిని తర్వాత అన్నం కలుపుకోండి. వరస మార్చినా తేడా కనిపిస్తుంది.

బంగాళదుంప, చేమదుంప, కంద కూరలో వేసుకున్నా అవి అన్నం లెక్కలోకే వస్తాయి. అన్నం మానేసి చపాతీలు తింటున్నాం అనేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండు మూడు చపాతీలు దాదాపు ఒక కప్పు అన్నంతో సమానం. కొర్రలు, బ్రౌన్ రైస్ కూడా కొలత లేకుండా తినడానికి కాదు. బెల్లం, తేనె, తాటిబెల్లం కూడా చక్కెరే, ఒంట్లోకి వెళ్లాక తేడా లేదు. పండ్ల రసాలు, చక్కెర వేసిన పాలపొడులు, కూల్ డ్రింకులు పూర్తిగా మానేయండి.

పొద్దుటిపూట ఇన్సులిన్ బాగా మందకొడిగా పనిచేస్తుంది. అందుకే టిఫిన్‌లో పిండిపదార్థం అన్నిటికన్నా తక్కువ ఉండాలి. మనం చేసేది సరిగ్గా ఎదురు: ఇడ్లీ, పూరీ, ఉప్మా, పైన చక్కెర కాఫీ. పెసరట్టు, గుడ్డు, కూరగాయలు ఎక్కువ వేసి రవ్వ తగ్గించిన ఉప్మా, పప్పులు కలిపి రుబ్బి వేసే అడై అట్టు ఇవి నాకు పనికొచ్చాయి. పండ్లు టిఫిన్‌తో వద్దు. పదకొండు గంటలకో సాయంత్రమో ఒక జామకాయ, సగం యాపిల్, నాలుగు బొప్పాయి ముక్కలు. బొప్పాయి బాగా పండిందే తినాలి, పచ్చిది వద్దు. వేసవిలో మామిడిపండు చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. రెండు చిన్న ముక్కలు, భోజనంలో అన్నం ఆ మేరకు తగ్గించి తిని, మీటరు చూసుకోండి. సపోటా, సీతాఫలం, పనసతొనలు మాత్రం కాన్పయ్యేదాకా ఆగనివ్వండి.

మూడు పెద్ద భోజనాలు కాకుండా మూడు చిన్న భోజనాలు, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. గుప్పెడు వేయించిన శనగలు, అలసంద గుగ్గిళ్లు, పల్లీలు, పల్చటి మజ్జిగ. పడుకోబోయే ముందు చక్కెర లేని గ్లాసు పాలు, నాలుగైదు బాదం గింజలు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఖాళీ కడుపుతో ఉండటం మంచిది కాదు. అంగన్‌వాడీలో భోజనం చేస్తుంటే గుడ్డు, పప్పు, కూర వదలకుండా తినండి, అన్నం మీ కప్పు కొలతకు తగ్గించి పెట్టమని అడగండి.

"కడుపులో ఇంకో ప్రాణి ఉంది, ఇద్దరి తిండి తినాలి" అనే పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకండి. నోటుబుక్కు చూపించండి. మా అత్తయ్య మూడో వారానికల్లా నా అంకెలు ఆవిడే రాసిపెట్టేవారు, కూరలో ముక్కలు ఎక్కువ, నూనె తక్కువ ఆవిడే వేసేవారు. సీమంతానికి వియ్యాలవారు పెట్టిన చలిమిడి తినకపోతే బాగోదంటే, భోజనం చివర చిన్న గోలీ అంత ఉండ నోట్లో వేసుకున్నాను, తర్వాత పావుగంట డాబా మీద నడిచాను. శ్రావణ శుక్రవారం, కార్తీక సోమవారం, రంజాన్ ఏదైనా సరే, ఈ నెలల్లో ఉపవాసం వద్దు. దేవుడు ఏమీ అనుకోడు. తిండి మానేస్తే ఒళ్లు కొవ్వు కరిగించుకోవడం మొదలుపెట్టి రక్తంలో కీటోన్లు చేరతాయి, అవి బిడ్డకు మంచివి కావు.

నడక

ప్రతి భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు. రోజు మొత్తానికి అరగంట చాలు. రక్తస్రావం ఉన్నా, మాయ కిందికి ఉందన్నా, గర్భసంచి మూతికి కుట్టు వేసినా డాక్టర్ని అడగకుండా నడవొద్దు.

రెండు వారాల తర్వాత కూడా తగ్గకపోతే

కంచం మార్చి, నడిచి, రెండు వారాలు గడిచినా తిన్న రెండు గంటలకు 120 గానీ ఆపైన గానీ వస్తుంటే మందు మొదలుపెడతారు: మెట్‌ఫార్మిన్ బిళ్లలో, ఇన్సులినో. మొదటి పరీక్షలోనే 200 లేదా ఆపైన వస్తే నేరుగా ఇన్సులిన్‌కే వెళ్తారు. ఇన్సులిన్ అనగానే ఏడవకండి. అది మాయ దాటి బిడ్డను చేరదు, అలవాటుగా మారిపోదు, ఎక్కువమందికి కాన్పు కాగానే ఆపేస్తారు. కాకర పసరు, మెంతి కషాయం, ఎవరో ఇచ్చిన పొడి మందు దాని బదులు వాడితే మాత్రం ప్రమాదం. కాకరకాయ కూర తినండి, పసరు తాగకండి.

ఇన్సులిన్ విషయంలో మందుల షాపులోనే ఒకటి సరిచూసుకోండి. సీసా మీద 40 ఐయూ అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 ఐయూ అని ఉంటే నారింజ రంగు మూత సిరంజి. ఇవి తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. సీసాను ఫ్రిజ్‌లో మామూలు అరలో పెట్టండి, గడ్డకట్టే అరలో వద్దు. ఫ్రిజ్ లేకపోతే నీళ్లు తగలకుండా కవరు కట్టి మట్టి కుండలో. తెల్లగా మడ్డిగా ఉండే రకమైతే ఊపకుండా రెండు అరచేతుల మధ్య దొర్లించండి. సూది వేసుకున్నాక తిండి ఆలస్యం చేయకండి.

చెమటలు, చేతులు వణకడం, గుండెదడ, కళ్లు బైర్లు కమ్మడం జరిగితే షుగర్ పడిపోతోందన్న మాట. వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగండి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోండి. 70 లోపే ఉంటే ఇంకోసారి తాగండి. తేరుకున్నాక భోజనం చేయండి. గ్లూకోజ్ పొట్లం మంచం పక్కన, సంచిలో, రెండు చోట్లా ఉండాలి. మీ ఆయనకూ అత్తగారికీ ఇది ముందే చెప్పిపెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108 కి ఫోన్ చేయాలి.

నెలలు నిండుతుండగా

ఏడో నెల, తొమ్మిదో నెల ప్రాంతంలో బిడ్డ ఎదుగుదల, ఉమ్మనీరు చూసే స్కాన్లు వదలకండి. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు, నోటుబుక్కు పట్టుకుని వెళ్లండి. బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే రేపటిదాకా ఆగకండి, అర్ధరాత్రయినా వెళ్లండి. నెలలు నిండకుండా నొప్పులొస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఆ రెండు మూడు రోజులు షుగర్ బాగా పెరుగుతుంది, భయపడొద్దు, మోతాదు వాళ్లు సరిచేస్తారు.

షుగర్ ఉందంటే ఆపరేషనే అని చాలామంది అంటారు. అలా ఏమీ లేదు. అదుపులో ఉండి, బిడ్డ బరువు మామూలుగా ఉంటే నార్మల్ కాన్పు కావచ్చు. బిడ్డ నాలుగు కిలోలు దాటుతుందని అంచనా వేస్తే అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడతారు. పురిటికి పుట్టింటికి వెళ్తుంటే అక్కడ రక్తం, పసిపిల్లల డాక్టరు రెండూ ఉన్న ఆసుపత్రిని ముందే చూసుకోండి. కార్డు, నోటుబుక్కు, స్కాన్లు ఒకే సంచిలో పెట్టుకోండి.

బిడ్డ పుట్టాక

మొదటి గంటలోనే పాలు పట్టాలి. ముర్రుపాలు చుక్కలే వస్తున్నా సరే, ఆ చుక్కలే బిడ్డ షుగర్ నిలబెడతాయి. తేనె నాకించడం, చక్కెర నీళ్లు పోయడం వద్దు. ఆ తర్వాత రెండు గంటలకోసారి పట్టండి. మొదటి రోజు కొన్ని గంటలకోసారి పసిదాని మడమ గుచ్చి షుగర్ చూస్తారు. మా పాపకు గుచ్చినప్పుడల్లా నాకు కన్నీళ్లాగలేదు, కానీ ఒక్కసారి కూడా వద్దనలేదు. బిడ్డ పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా, వణుకుతున్నా, చల్లబడినా వెంటనే సిస్టర్‌ని పిలవండి.

మీ షుగర్ చాలావరకు ఒకటి రెండు రోజుల్లో మామూలుకు వస్తుంది. బాలింత కాయం బెల్లం, నెయ్యి పోసి చేస్తారు, దాని మీద మాత్రం కాస్త అదుపు పెట్టండి. పాలివ్వడం మీ షుగర్‌కీ మంచిదే.

ఇక ఎక్కువమంది వదిలేసే పని ఒకటుంది, నేనూ కొద్దిలో వదిలేసేదాన్నే. కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ పరగడుపున వెళ్లి 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలి. పరగడుపున 126 గానీ రెండు గంటలకు 200 గానీ వస్తే షుగర్ ఉండిపోయినట్టు. రెండు గంటలకు 140 నుంచి 199 మధ్య ఉంటే అంచున ఉన్నట్టు. 140 లోపైతే ప్రస్తుతానికి బాగున్నట్టు. బాగున్నా, ముందు ముందు షుగర్ వచ్చే అవకాశం మనకు మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ కాబట్టి ఏటా ఒకసారి, మళ్లీ గర్భం అనుకునే ముందు ఒకసారి చూపించుకోవాలి.

ఆరు వారాలప్పుడు పసిబిడ్డతో, నిద్రలేని రాత్రులతో ఈ పరీక్ష ఎవరికి గుర్తుంటుంది? అందుకే నేను చేసింది చెబుతాను. బిడ్డకు ఒకటిన్నర నెల టీకాలు సరిగ్గా అప్పుడే వస్తాయి. టీకా కార్డులో ఆ తేదీ పక్కన పెన్నుతో "అమ్మకు గ్లూకోజ్ పరీక్ష, పరగడుపున రావాలి" అని రాసిపెట్టుకున్నాను. పొద్దున్నే పాపకు పాలిచ్చి, మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. నేను గ్లూకోజ్ తాగి కూర్చున్న ఆ రెండు గంటల్లోనే పాపకు టీకాలూ అయిపోయాయి. మీరూ ఇవాళే మీ తల్లీబిడ్డల కార్డు తీసి, చివరి పేజీలో ఆ మాట రాసి పెట్టండి.